కార్డులో నోరు లేదు

(కనిగిరి ప్రాంతంలోని ఒక పల్లెలో అంబేద్కర్ జయంతి సభలో చేసిన ప్రసంగానికి రాత రూపం. మాటల్ని చాలావరకు మాట్లాడినట్టే ఉంచాం.)



ఏప్రిల్ 14 వచ్చిందంటే భూమి గురించి మాట్లాడుకుంటాం, రిజర్వేషన్ల గురించి మాట్లాడుకుంటాం, అట్రాసిటీ కేసుల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాల్సిందే. ఈసారి మేము పళ్ళ గురించి మాట్లాడతామని చెబితే కమిటీ కుర్రాళ్ళు నవ్వారు. "పళ్ళు కూడా ఉద్యమమేనా సార్?" అన్నారు. నవ్వినవాళ్ళలో ఇద్దరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లలు. ఆ చెయ్యి ఎందుకు అడ్డం వచ్చిందో మాట్లాడుకోవాలనే ఈ విషయం ఎత్తుకున్నాం.

ముందు నీళ్ళ దగ్గర మొదలుపెడదాం. మన పిల్లల పళ్ళ మీద పసుపుపచ్చగా, గోధుమరంగుగా ఉండే చారల్ని చూసి ఊళ్ళోవాళ్ళు గారపళ్ళు అంటారు. తోముకోకపోతే పట్టే గార వేరు, ఇది వేరు. ఇది నీళ్ళలో ఉన్న ఫ్లోరైడు చేసిన పని. శాశ్వత పళ్ళు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, ఆ నీళ్ళు తాగిన పిల్లలకి పంటి మీద పింగాణీ పొర సరిగా కట్టదు. ముదిరితే గుంటలు పడతాయి, అంచులు రాలతాయి. తర్వాత వేపపుల్ల అరిగిందాకా తోమినా ఆ చార పోదు. అయినా బడిలో ఆ పిల్లనే లేపి "పళ్ళు తోముకుని రావే" అని అందరి ముందు అనే మాస్టర్లు ఇప్పటికీ ఉన్నారు. మా వృత్తిలో వాళ్ళే.

ఈ జబ్బు మన దేశంలో ఉందని మొదట రాసింది ఎక్కడి గురించో కాదు. 1937లో షార్టు అనే డాక్టరూ ఆయన తోటివాళ్ళూ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసి రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లాలోవే. లెక్కేసుకోండి, ఎనభై ఏళ్ళు దాటిపోయింది. తెల్లదొరలు పోయారు, మద్రాసు నుంచి విడిపోయాం, ప్రకాశం జిల్లా వచ్చింది. లీటరు నీళ్ళలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాముకి మించకూడదని బడిలో పాఠం చెబుతున్నాం. బడి బయట చేతిపంపుకి ఆ పాఠం తెలవదు. ఊళ్ళో మిద్దెలవాళ్ళు ఇరవై లీటర్ల క్యాను కొనుక్కుంటారు. పల్లె బిందె పట్టుకుని పంపు దగ్గరకే పోతుంది. ఎంత లోతుకి బోరు దించితే చాలా చోట్ల అంత ఫ్లోరైడు. నీళ్ళకీ కులానికీ సంబంధం ఏందని అడిగేవాళ్ళకి మన పాత ప్రకాశం జిల్లా చరిత్రే జవాబు. 1985 జులైలో కారంచేడులో గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గరే గదా.

ఇప్పుడు పంటిపోటు సంగతి. ఇది ఫ్లోరైడు ఉన్న ఊళ్ళోనూ ఉంది, లేని ఊళ్ళోనూ ఉంది. పొద్దున టీ, అందులో బిస్కెట్ ముంచి పిల్లకి పెట్టి కూలికి పోయే తల్లులం. పన్ను పుచ్చుతుంది. మొదట జివ్వుమంటుంది, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తాం. తర్వాత లవంగనూనె. ఆ తర్వాత పొగాకు ముక్క నలిపి పంటి కింద పెడతాం. తర్వాత ఆరెంపీ దగ్గర బిళ్ళలు, ఒక సూది. పోటు తగ్గుతుంది, పుచ్చు తగ్గదు. ఆరునెలలకి దవడ వాస్తుంది. అప్పుడు బస్సెక్కుతాం. ఈ వరస తెలియని ఇల్లు ఇక్కడ ఉంటే చెయ్యెత్తండి. (ఎవరూ ఎత్తలేదు.)

బస్సెక్కి యాడికి పోవాలి? పి.హెచ్.సి.లో పంటి డాక్టరు ఉండడు. సర్కారు పెట్టుకున్న లెక్క ప్రకారం పంటి డాక్టరు ఉండాల్సింది పెద్దాసుపత్రిలో, సి.హెచ్.సి.లో. అక్కడ పోస్టు నిండి ఉంటే అదృష్టం. నిండి ఉన్న చోట మన పల్లెవాళ్ళకి జరిగే వైద్యం ఏంది? పీకటం. మేము డాక్టర్లని తిట్టటం లేదు. పన్ను పీకాలంటే మత్తు సూది, పట్టుకారు ఉంటే చాలు, పది నిమిషాల పని. పన్ను నిలబెట్టాలంటే ఎక్స్‌రే కావాలి, డ్రిల్లు కావాలి, కరెంటు నిలకడగా ఉండాలి, లోపల నింపే సామాను కావాలి, ఒకే మనిషికి మూడుసార్లు టైము ఇవ్వాలి. బయట యాభై మంది లైన్లో ఉంటారు. కాబట్టి పీకుతారు. అదే ఆసుపత్రికి రెండు వీధుల అవతల ప్రైవేటు క్లినిక్కులో అదే పన్ను నిలబడుతుంది. రూట్ కెనాలు, దాని మీద క్యాపు. మన చుట్టుపక్కల టౌన్లలో రెండూ కలిపి ఎంత తక్కువన్నా ఆరు వేలు అడుగుతున్నారు.

ఆరు వేలంటే ఎంత? 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. ఒక పంటికి ఇరవై రోజుల కూలి. అది కూడా ఆ ఇరవై రోజులు గంజి తాగకుండా ఉంటే. మూడు సిట్టింగులకి మూడు రోజుల పని పోతుంది, బస్సు చార్జీలు వేరే. అందుకని డాక్టరు "నిలబెడదామా, పీకేద్దామా?" అని అడిగితే మనవాళ్ళు ఆలోచించకుండా "పీకెయ్యండి సార్" అంటారు. అది మనవాళ్ళ అజ్ఞానమని పేపర్లో రాసేవాళ్ళు ఉన్నారు. అజ్ఞానం కాదు, లెక్క. ఆ లెక్క మనవాళ్ళకి వచ్చినంత బాగా ఆర్థిక శాస్త్రం చదివినోళ్ళకి కూడా రాదు.

దవడపన్ను పోతే పోయింది, ముందు పళ్ళు ఉన్నాయి గదా అనుకుంటాం. మిలట్రీకి పోదామని పొద్దున్నే రోడ్డు మీద పరిగెత్తే మన పిల్లలు ఈ మాట వినండి. సైన్యంలో చేరటానికి 14 డెంటల్ పాయింట్లు ఉండాలి. ముందు పళ్ళకి ఒక్కో పాయింటు, పెద్ద దవడపళ్ళకి రెండేసి. పన్నెండేళ్ళప్పుడు ఒకటి, పదిహేనేళ్ళప్పుడు ఒకటి పీకించుకుంటూ పోయినవాడికి పరుగులో వచ్చిన మార్కులు నోట్లో పోతాయి. ఇక ముసలోళ్ళ సంగతి. ఎద్దుమాంసం ఎండుతునకలు కాల్చుకుని నమిలిన దవడలు మనవి. మటన్ షాపు మొహం చూడని రోజుల్లో ఆ తునకలే మన బలం. ఈ రోజు అరవై ఏళ్ళకే బోసినోటితో సంగటి మింగుతున్న అవ్వలు ఇంటికొకరు ఉన్నారు. కట్టుడు పళ్ళ సెట్టు ధర అడిగి వెనక్కి వచ్చినవాళ్ళు. నమలలేని మనిషి తిండి తగ్గిస్తుంది, తిండి తగ్గితే నీరసం, నీరసానికి మళ్ళీ ఆరెంపీ దగ్గర సెలైను. ఆ సెలైనుకి పెట్టిన డబ్బులు కూడబెడితే కట్టుడు పళ్ళు వచ్చేవేమో.

"కార్డు ఉంది గదా?" అంటారు. ఉంది. ఆ కార్డు గురించే మాట్లాడదాం.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. తర్వాత రాష్ట్రమంతా వచ్చింది. మేము దాన్ని తక్కువ చేసి మాట్లాడం. గుండె ఆపరేషన్ జరిగి బతికిన బిడ్డలు మన పల్లెల్లో ఉన్నారు. మొదట్లో ఇంటికి రెండు లక్షల దాకా అన్నారు. 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో పాతిక లక్షలన్నారు, తెలంగాణలో పది లక్షలన్నారు. 2024లో మన దగ్గర పేరు మారి ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. ఢిల్లీ వాళ్ళది 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ వచ్చింది, అయిదు లక్షలు. లక్షలు పెరిగాయి, పేర్లు మారాయి, కార్డు మీద ఫొటోలు మారాయి. పుప్పిపంటికి సిమెంటు నింపించటానికి గానీ, రూట్ కెనాలుకి గానీ, ముసలామెకి కట్టుడు పళ్ళకి గానీ మా పల్లెల్లో ఒక్క కూలిమనిషికి కూడా ఆ కార్డు పనిచేయటం మేము చూడలేదు.

దవడ ఎముక విరిగితే కార్డు ఉంది. దవడకి క్యాన్సర్ వస్తే కార్డు ఉంది. పన్ను పుచ్చితే లేదు. కారణం సులువు. ఈ పథకాలన్నీ మంచం ఎక్కితేనే లెక్కలోకి వస్తాయి. అడ్మిషన్, ఆపరేషన్, ప్యాకేజీ. పంటి వైద్యం కుర్చీలో కూర్చుని చేయించుకుని ఇంటికి వచ్చేది. ఓ.పి. కింద పోతుంది. ప్రైవేటు బీమా పాలసీలు తీసి చూడండి, చిన్నక్షరాల్లో అదే మాట ఉంటుంది: యాక్సిడెంటులో దెబ్బతగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప పంటి వైద్యానికి ఇవ్వం అని. ఎక్కువ ప్రీమియం కడితే ఓ.పి. కూడా ఇచ్చే పాలసీలు ఇప్పుడు కొన్ని వచ్చాయి. అవి ఎవరి కోసమో మీకు చెప్పక్కర్లేదు. 1948 నాటి చట్టంతో వచ్చిన ఇ.ఎస్.ఐ. కింద ఫ్యాక్టరీ కార్మికుడికి ఆసుపత్రి ఉంది, పంటి వైద్యం కొంత ఉంది. పొగాకు చేలో, మిరప చేలో వంగి పనిచేసే మనకి ఆ ఇ.ఎస్.ఐ. లేదు.

మా సంగతి కూడా చెప్పాలి. ఈ వేదిక మీద కూర్చున్న మాస్టర్లం మా ఇళ్ళలో మొదటి డిగ్రీలు తెచ్చినవాళ్ళం. ఉద్యోగులం కాబట్టి వైద్యఖర్చులు తిరిగి ఇచ్చే నిబంధనల్లో పంటికి ఎంతో కొంత చోటు ఉంది. చాలీచాలనిదే, కాగితాలు పట్టుకుని తిరగాల్సిందే, కానీ ఉంది. మా తోడబుట్టినవాళ్ళు పల్లెలోనే ఉన్నారు, కూలికి పోతున్నారు. ఒకే తల్లి పాలు తాగి, ఒకే పంపు నీళ్ళు తాగి పెరిగిన నోళ్ళు. ఒక నోట్లో క్యాపు ఉంది, ఇంకో నోట్లో ఖాళీ ఉంది. చిన్న ఉద్యోగం ఇంత తేడా చేసిందంటే, ఆ హక్కు ఉద్యోగంతో పాటు కాదు, మనిషిగా పుట్టినందుకే రావాలని అడగటానికి మాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నోటికి కులం కూడా ఉంది. కులం మొత్తం ఎంగిలి చుట్టూ తిరిగింది గదా. ఎవరి ఎంగిలి ఎవరికి తగలకూడదు, ఎవరి గ్లాసు ఎవరు కడగాలి. పీష్వాల పాలనలో పూనాలో అంటరానివాళ్ళు ఉమ్ము నేల మీద పడకుండా మెడకి ముంత కట్టుకుని తిరగాల్సి వచ్చిందని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశారు. మన ఊళ్ళ హోటళ్ళలో రెండు గ్లాసులు నిన్నమొన్నటి మాట. ఊళ్ళో పళ్ళు పీకే పని, పుళ్ళు కోసే పని చేసింది మంగలి అన్నలు. వాళ్ళని మన వాడలోకి రానీయలేదు పెద్దకులాలు, వస్తే ఊరి పని పోతుందని బెదిరించారు. కాబట్టి మన నోరు చూసే మనిషి ఊళ్ళో ఎప్పుడూ లేడు. ఇప్పుడు డాక్టరు చేతికి తొడుగు వేసుకుని చూస్తాడు. అది అందరికీ వేసుకుంటాడు, మంచిదే. కానీ కుర్చీలో నోరు తెరిచిన మనిషిని "ఎప్పుడన్నా తోముకున్నావా?" అని కసరటం అందరికీ జరగదు. మా పల్లె ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆ ఒక్క మాటకే రెండోసారి పోవటం మానేశారు. నోరు తెరిచి కూర్చున్న మనిషి జవాబు చెప్పలేదు, అది గుర్తుపెట్టుకోవాలి డాక్టర్లు.

ఇక పొగాకు. మన ప్రాంతం పొగాకు పండించే ప్రాంతం. కనిగిరిలో, పొదిలిలో వేలం కేంద్రాలు ఉన్నాయి. ఆకు గ్రేడింగు చేసే ఆడవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. ఆ ఘాటులో రోజంతా కూర్చుంటారు, ఆకలి తెలియకుండా, పంటిపోటు తెలియకుండా ఓ ముక్క బుగ్గన పెడతారు. ఉత్తరాంధ్రలో ఇంకో రకం ఉంది, చుట్ట నిప్పు ఉన్న కొసని నోట్లోకి పెట్టుకుని కాల్చటం, అడ్డపొగ అంటారు. ఎక్కువగా ఆడవాళ్ళదే ఆ అలవాటు. దాని వల్ల అంగిట్లో వచ్చే మచ్చల గురించి మన రాష్ట్రంలో 10,169 మంది పల్లెజనాన్ని పరీక్షించి 1971లోనే డాక్టర్లు రాశారు. లోకమంతా ఆ వ్యాసాన్ని చదివింది. ఆ పల్లెల్లో నోరు చూసే డాక్టరు మాత్రం కూర్చోలేదు. నోటి క్యాన్సర్ చాలాసార్లు చెప్పిరాకుండా రాదు. ముందు తెల్లమచ్చో, ఎర్రమచ్చో, మానని పుండో కనిపిస్తుంది. రెండు వారాల్లో మానని పుండు ఉంటే చూపించుకోండి, ఈ సభలో ఇంకేం గుర్తులేకపోయినా ఇది గుర్తుంచుకోండి. పంటి డాక్టరు దగ్గరలో ఉంటే పంటి కోసం పోయినప్పుడే ఆ మచ్చ కూడా చూస్తాడు. లేడు కాబట్టి అది పెరిగి పెద్దదై దవడ తీసేయాల్సిన రోజున కార్డు తెరుచుకుంటుంది. లక్షలు ఆసుపత్రికి పోతాయి. మొదట చూసి ఉంటే వందల్లో అయిపోయేది.

మన సంఘాల్లో కొంతమంది అంటున్నారు, పంటి వైద్యాన్ని కూడా కార్డులో పెట్టమని అడుగుదాం, చాలు అని. ఇక్కడ మాకు కొంచెం పేచీ ఉంది. బీమా అంటే ఏంది? వందమందిలో ఒకరికి వచ్చే ఆపద కోసం వందమందీ చందా వేసుకోవటం. పుప్పిపన్ను వందలో ఒకరికి వచ్చేది కాదు. లోకంలో దాదాపు 350 కోట్ల మందికి నోటి జబ్బులున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. సగం మందికి ఉన్న జబ్బుకి బీమా ఏంది, అది మంచినీళ్ళ లాగా, బడి లాగా సర్కారు దగ్గరుండి చెయ్యాల్సిన పని. పైగా కార్డు మీద డబ్బు వస్తుందంటే ఏం జరుగుతుందో మనం చూశాం. ఆరోగ్యశ్రీ తొలి ఏళ్ళలో అవసరం లేని ఆడవాళ్ళకి కూడా గర్భసంచులు తీశారని ఎంత రగడ అయింది! తర్వాత ప్రైవేటు ఆసుపత్రుల మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. రేపు కార్డులో పళ్ళు పెడితే బాగున్న పంటికి కూడా క్యాపు వేసే క్లినిక్కులు వీధివీధినా లేస్తాయి. అందుకని మేము అనేది, మొదట కుర్చీ కావాలి, తర్వాత కార్డు. సర్కారు ఆసుపత్రిలో కుర్చీ, డాక్టరు, నింపే సామాను. అక్కడ కాని రూట్ కెనాలుకి, కట్టుడు పళ్ళకి కార్డు. దీని మీద భిన్నాభిప్రాయం ఉన్నవాళ్ళు సభ అయ్యాక మాతో పోట్లాడండి, రాసి పంపినా వేయిస్తాం.

కుర్చీ కూడా లేని చోట ఏం చేయాలంటే, దానికీ దారి ఉంది. డ్రిల్లు, కరెంటు లేకుండా, చేతి పరికరాలతోనే పుచ్చు గీకేసి గ్లాస్ అయనోమర్ అనే సిమెంటు నింపే పద్ధతి 1980లలో ఆఫ్రికాలో టాంజానియా పల్లెల కోసం తయారైంది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ముందుకు తెచ్చింది. ఆ సిమెంటుని 2021లో అత్యవసర మందుల జాబితాలో కూడా చేర్చారు. అంటే పారాసెటమాల్ ఉన్న చోట అది కూడా ఉండాలని అర్థం. మన పి.హెచ్.సి. గోడౌనులో అడిగి చూడండి, ఆ పేరు విన్నవాళ్ళు ఉన్నారేమో. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం అని 2014లో ఒకటి పెట్టారు. దాని ఫ్లెక్సీ కూడా మా మండలంలో మేము చూడలేదు.

బడి సంగతి చెప్పి ముగిస్తాం. 2013 నుంచి ఆర్.బి.ఎస్.కె. కింద పిల్లల్ని పరీక్ష చేసే టీములు బళ్ళకి వస్తున్నాయి. వాళ్ళు చూడాల్సిన జబ్బుల జాబితాలో పళ్ళ జబ్బులు కూడా ఉన్నాయి. వస్తారు, నోరు తెరవమంటారు, పుప్పి ఉందని కార్డు మీద రాస్తారు, పైకి పంపమంటారు. ఆ పై అనేది యాడుందో కార్డు మీద ఉండదు. సర్కారు దంత కళాశాలలు మన రాష్ట్రంలో ఉన్నది విజయవాడలో, కడపలో. ఇక్కడి నుంచి ఎటు పోయినా రోజు పోతుంది, తల్లి కూలి పోతుంది. మా బీరువాల్లో అలా రాసిన కార్డులు కట్టలు కట్టలు ఉన్నాయి. అవి మాకు కాగితాలు కాదు, సాక్ష్యాలు.

మే నెలలో బడి సెలవులు. ఆ నెలలో మన మూడు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి ఒక రిజిస్టరు రాద్దాం. ఎవరికి ఎన్ని పళ్ళు పోయాయి, ఎక్కడ పీకించారు, నిలబెట్టమని అడిగితే ఎంత చెప్పారు, అప్పు తెచ్చారా, ఎంత వడ్డీకి. ఏ పంపు నీళ్ళు తాగుతారో కూడా రాయాలి. ఇంటర్ పిల్లలు రాస్తారు, మేము వెనక ఉంటాం. డబ్బులేం అడగం, ఒక లాంగ్ నోట్‌బుక్కు, రెండు పెన్నులు చాలు. జూన్‌లో బళ్ళు తెరవకముందు ఒక సోమవారం ఆ రిజిస్టరు, బడి కార్డుల నకళ్ళు పట్టుకుని కలెక్టరు అర్జీల దగ్గరికి పోదాం. ముగ్గురు నలుగురు పోతే బయట కుర్చీలో కూర్చోబెడతారు. లారీ మాట్లాడుకుని పోదాం. పేర్లు రాసుకోవటానికి చివరి వరసలో ఒక అక్క కూర్చుని ఉంది, పోయేముందు ఆమె దగ్గర ఇంటిపేరూ, పంపు పేరూ చెప్పి పోండి.

జైభీమ్.